చిన్నపిల్లలతో మొదటిసారి టాహో స్కీకి వెళ్తుంటే: రిసార్ట్ కన్నా ముందు రోడ్డు చూసుకోండి

ఫ్రీమాంట్ నుంచి జనవరి లాంగ్ వీకెండ్‌కి ఐదేళ్ళ, ఎనిమిదేళ్ళ పిల్లలతో టాహో (కాలిఫోర్నియా కొండల్లో సరస్సు, చుట్టూ మంచు స్కీ రిసార్ట్‌లు ఉన్న ప్రాంతం) వెళ్తున్నాం, ఇంట్లో ఎవరికీ స్కీయింగ్ రాదు, మాది ఆల్ వీల్ డ్రైవ్ (ఇంజన్ నాలుగు చక్రాలనీ తిప్పే కారు) కాబట్టి మంచులో టైర్లకి చుట్టే చైన్లు అక్కర్లేదు కదా, ఏ రిసార్ట్ అయితే బాగుంటుంది అని మీరు అడిగారు. మేమూ బే ఏరియా నుంచే పిల్లలు చిన్నగా ఉన్నప్పటి నుంచి వెళ్తున్నాం కాబట్టి మా అనుభవం చెప్తాను.

ముందు చైన్ల సంగతి. అక్కర్లేదు అనుకోవద్దండి. మంచు పడుతున్నప్పుడు కాల్‌ట్రాన్స్ (కాలిఫోర్నియా రోడ్ల శాఖ) వాళ్ళు ఆర్1, ఆర్2, ఆర్3 అని మూడు స్థాయిల్లో చైన్ కంట్రోల్, అంటే చైన్లు వేయాలనే ఆంక్షలు పెడతారు. ఆర్2లో ఆల్ వీల్ డ్రైవ్‌కి మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ నాలుగు టైర్లూ స్నో ట్రెడ్ (మంచులో పట్టు ఇచ్చే గాళ్ళు) ఉన్నవే అయ్యుండాలి (టైరు పక్కన ఎం ప్లస్ ఎస్ అని గానీ, కొండలో మంచు రేకు బొమ్మ గానీ ఉంటుంది), పైగా చైన్లు వేయకపోయినా బండిలో మాత్రం ఉండి తీరాలి. ఆర్3 అంటే ఎవరికీ మినహాయింపు లేదు, మామూలుగా అక్కడిదాకా రాకముందే రోడ్డు మూసేస్తారు. అందుకని ఇప్పుడే మీ టైరు సైజు చూసి కొనుక్కోండి, కొండ మీద కొంటే ధర బాగా ఎక్కువ. కొనే ముందు కారు మాన్యువల్ ఒకసారి చూడండి, కొన్ని బండ్లకి మామూలు చైన్లు పట్టవు, సన్నగా ఉండే కేబుల్ రకమే వేయాలి. ఇంటి ముందు ఎండలో ఒకసారి వేసి తీసి చూసుకుంటే మంచిది, వేళ్ళు కొంకర్లు పోయే చలిలో, వెనక సీట్లో పిల్లలు ఏడుస్తుంటే, కొత్తగా నేర్చుకోవడం చాలా కష్టం. రోడ్డు పక్కన డబ్బులు తీసుకుని వేసిపెట్టేవాళ్ళు ఉంటారు గానీ చైన్లు మనవే ఉండాలి. అద్దె కారు అయితే ఒప్పందం చదవండి, చాలా కంపెనీలు చైన్లు వేయనివ్వవు.

రిసార్ట్ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెప్తాను: మొదటిసారి పెద్ద పేరున్న చోటికి వెళ్ళొద్దు. పాలిసేడ్స్, హెవెన్లీ లాంటి పెద్ద రిసార్ట్‌లు చాలా అందమైనవి, కానీ అక్కడ మీరు కట్టే డబ్బు పెద్ద కొండకి, మీ పిల్లలు రోజంతా ఉండేది కింద ఉన్న చిన్న వాలు మీద. ఐ-80 ఫ్రీవే మీద వెళ్తే సోడా స్ప్రింగ్స్, బోరియల్ అనే చిన్న రిసార్ట్‌లు రెండూ ఫ్రీవేకి దగ్గర్లోనే ఉన్నాయి, డానర్ సమ్మిట్ (ఆ దారిలో అన్నిటికన్నా ఎత్తయిన చోటు) దాటి అవతల ట్రకీ ఊరి వైపు దిగే పని లేదు. సమ్మిట్ ఎత్తు 7,200 అడుగుల పైమాటే, తుఫాను వస్తే ముందు ఇబ్బంది అక్కడే. టాహోకి ఇంకో దారి హైవే 50 మీద అయితే సియెర్రా-ఎట్-టాహో రిసార్ట్, అది ఆ దారిలోని ఎకో సమ్మిట్‌కి ఇవతలే ఉంది, అవతలి ఏటవాలు దిగక్కర్లేదు. మీ ఐదేళ్ళ బాబుకి నేనైతే సోడా స్ప్రింగ్సే చెప్తాను, అక్కడ స్నో ట్యూబింగ్ (గాలి ట్యూబు మీద కూర్చుని మంచు వాలు మీద జారడం) కూడా ఉంది, స్కీ విసుగు పుట్టినా రోజు పాడవదు. మా చిన్నది మొదటి రోజు పొద్దున బాగానే చేసి, అన్నం తిన్నాక ఇక బూట్లు వేసుకోనని కూర్చుంది, మేము బలవంతం చేయకుండా ట్యూబింగ్‌కి తీసుకెళ్ళాం, మర్నాడు తనే అడిగింది.

పిల్లలకి మీరు నేర్పబోవద్దు, స్కీ స్కూల్లో వేయండి, లాంగ్ వీకెండ్‌కి త్వరగా నిండిపోతాయి కాబట్టి ముందే బుక్ చేయండి. వాళ్ళు స్కీల ముందు భాగాలు దగ్గరికి చేర్చి ఆగడాన్ని పిజ్జా అని, సమాంతరంగా పెట్టి జారడాన్ని ఫ్రెంచ్ ఫ్రైస్ అని నేర్పుతారు, మ్యాజిక్ కార్పెట్ అనే కదిలే పట్టా మీద నిలబడితే అదే వాలు పైకి తీసుకెళ్తుంది. మొదటి రోజుకి సగం రోజు చాలు. మీరిద్దరూ కూడా క్లాసు తీసుకోండి, పిల్లలు లిఫ్ట్ ఎక్కే స్థాయికి వచ్చాక కింద నిలబడి చూస్తూ ఉండాల్సి వస్తే బాధగా ఉంటుంది.

బట్టల్లో జీన్స్ అస్సలు వద్దు, కాటన్ తడిస్తే ఆరదు, ఇక చలే చలి. స్నో ప్యాంట్లు, గాగుల్స్, రెండు జతల గ్లవ్స్ ఉండాలి. బూట్లలో పొడవాటి ఒకే సాక్స్, రెండు వేస్తే బిగుసుకుని పాదాలు ఇంకా చల్లబడతాయి. సన్‌స్క్రీన్ మర్చిపోవద్దు, మంచు మీద నుంచి ఎండ తిరిగి కొడుతుంది. కారులో మాత్రం పిల్లలకి లావు జాకెట్ల మీద సీటు బెల్టు పెట్టొద్దు, బెల్టు వదులైపోతుంది, జాకెట్ తీసి బెల్టు పెట్టి పైన దుప్పటి కప్పండి.

బే ఏరియా నుంచి సుమారు 200 మైళ్ళు, రోడ్డు బాగుంటే నాలుగు గంటలు, మంచు పడితే రెట్టింపు అయినా ఆశ్చర్యం లేదు. శుక్రవారం సాయంత్రం బయల్దేరకండి, వీలైతే గురువారం రాత్రికే ఐ-80 మీద కొండకి ముందు వచ్చే ఆబర్న్‌లోనో రోజ్‌విల్‌లోనో ఆగి పొద్దున్నే కొండ ఎక్కండి. ఆబర్న్‌లో ట్యాంకు నింపుకోండి. ఎలక్ట్రిక్ కారు అయితే చలి, ఎక్కుడు, హీటర్ మూడూ కలిసి రేంజ్ బాగా తినేస్తాయి, నిండుగా చార్జ్ చేసే ఎక్కండి. రోడ్ల పరిస్థితి చూపించే కాల్‌ట్రాన్స్ క్విక్‌మ్యాప్ చూస్తూ ఉండండి, మ్యాప్ యాప్ పక్కరోడ్డు చూపిస్తే మంచులో ఆ రోడ్డు పట్టొద్దు, మంచు తీసి ఉండకపోవచ్చు. పులిహోర, పెరుగన్నం, ఫ్లాస్కులో వేడినీళ్ళు, దుప్పట్లు, టార్చి బండిలో పెట్టుకోండి, రోడ్డు మూసేస్తే గంటల తరబడి ఆగిపోవాలి. అలా ఆగి హీటర్ వేసుకోవాల్సి వస్తే అంతకన్నా ముందుగా బండి వెనక ఉన్న సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేయండి, మూసుకుపోతే విషవాయువు లోపలికి వస్తుంది, ఇది ప్రాణాల మీదకి వచ్చే సంగతి.

తిరుగు ప్రయాణం సోమవారం మధ్యాహ్నం పెట్టుకుంటే రోడ్డు నిండా జనమే. ఆ రోజు స్కీయింగ్ వదిలేసి పొద్దున ఏడుకల్లా దిగడం మొదలుపెట్టండి, దిగుతున్నప్పుడు లో గేర్‌లో ఉండి బ్రేకు మెల్లగా వాడండి. ఆదివారం రాత్రి తుఫాను సూచన ఉంటే మాత్రం ఆదివారం మధ్యాహ్నమే వచ్చేయండి.