జావా 8 కోసం ఏటా సబ్‌స్క్రిప్షన్ కట్టాల్సిందేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: జావా 8 మీద నడిచే పాత బిల్లింగ్ అప్లికేషన్ ఉంది, తిరగరాసే తీరిక ఎవరికీ లేదు, ఆఫీసులో 200 మంది ఉన్నారు, జావా యజమాని ఒరాకిల్‌కి ఏటా కట్టే సబ్‌స్క్రిప్షన్ తప్ప దారి లేదా అని. హైదరాబాద్‌లో నా ఉద్యోగం చాలావరకు ఇలాంటి పాత ప్రాజెక్టుల మెయింటెనెన్స్‌లోనే గడిచింది. నా లెక్క ప్రకారం మీరు కట్టనక్కర్లేదు.

ముందు సర్వర్‌లో జావా ఏ బిల్డ్ (అంటే ఎవరు తయారుచేసిన కాపీ) నడుస్తోందో చూడండి. ఓపెన్‌జేడీకే (జావా కిట్ జేడీకేకి ఉచిత, ఓపెన్ సోర్స్ రూపం) అని వస్తే ఒరాకిల్‌తో మీకు పనే లేదు. ఒరాకిల్‌దే అయితే అప్‌డేట్ నంబరు చూడండి. 2019 జనవరి నాటి 202 వరకు పాత ఉచిత లైసెన్సు. ఆ ఏప్రిల్‌లో వచ్చిన 211 నుంచి వ్యాపారానికి వాడాలంటే డబ్బు కట్టాలి. 202 దగ్గరే ఆగిపోయి 'మాకు ఏ గొడవా లేదు' అని ధీమాగా ఉండేవాళ్లు చాలామంది తగిలారు. లైసెన్సు గొడవ లేని మాట నిజమే, కానీ అప్పటినుంచి వచ్చిన సెక్యూరిటీ ప్యాచ్‌లూ వాళ్లకి లేవు కదా!

ఇక ధర. 2023 జనవరి నుంచి ఒరాకిల్ సర్వర్లను లెక్కపెట్టడం మానేసి మనుషుల్ని లెక్కపెడుతోంది. పార్ట్‌టైమ్ వాళ్లూ, మీ ఆఫీసు పనులు చూసే కాంట్రాక్టు వాళ్లూ అందులోకే వస్తారు. వెయ్యి మంది లోపు కంపెనీకి జాబితా ధర మనిషికి నెలకు 15 డాలర్లు. అంటే మీకు ఏడాదికి 36,000 డాలర్లు. ఒక గదిలో ఫ్యాను తిరుగుతుంటే ఊళ్లో తలలన్నీ లెక్కేసి కరెంటు బిల్లు పంపినట్టుంటుంది.

ఒరాకిల్ బిల్డ్‌కి బదులు వాడుకోగల టెమురిన్, అమెజాన్ కొరెట్టో, అజుల్ జులు ఉచితంగా దొరుకుతాయి. అన్నింటికీ మూలం ఓపెన్‌జేడీకే 8 కోడే. 2019 నుంచి దాని అప్‌డేట్ల బాధ్యత రెడ్ హ్యాట్ ఇంజనీర్ల నాయకత్వంలో సాగుతోంది, మూడు నెలలకోసారి ప్యాచ్‌లు వస్తున్నాయి.

మారడం తేలికే గాని, మాకు చుక్కలు చూపించింది ఫాంట్లు. ఒరాకిల్ జేడీకే లుసిడా ఫాంట్లను తనతోపాటే తెచ్చేది, ఓపెన్‌జేడీకేలో అవి లేవు. అప్లికేషన్ శుభ్రంగా లేచింది, టెస్టులన్నీ పాసయ్యాయి, ఇన్‌వాయిస్ పీడీఎఫ్‌లో మాత్రం మొత్తాల కాలమ్ పక్కకి జరిగి కూర్చుంది. వాడే ఫాంట్‌ను రిపోర్టులోనే ఎంబెడ్ చేశాక కుదుటపడింది. మీదీ బిల్లింగే కాబట్టి ముందు పాత, కొత్త పీడీఎఫ్‌లు పక్కపక్కన పెట్టి చూడండి. లినక్స్ సర్వర్ మరీ మినిమల్‌గా ఉంటే ఫాంట్లను వెతికిపెట్టే ఫాంట్‌కాన్ఫిగ్ ప్యాకేజీ కూడా వేసుకోవాలి, లేకపోతే రిపోర్టు తయారయ్యే దగ్గరే ఎర్రర్ కొడుతుంది. బ్రౌజర్ లింకు నుంచి అప్లికేషన్‌ను తెరిచే జావా వెబ్ స్టార్ట్ వాడుతుంటే అది వీటిలో రాదు, ఓపెన్‌వెబ్‌స్టార్ట్ పెట్టుకోవాలి. స్క్రీన్లు తయారుచేసే జావాఎఫ్ఎక్స్ లైబ్రరీ టెమురిన్‌లో లేదు, అది వాడుతుంటే మీరు తీసుకునే బిల్డ్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి.

డబ్బు కట్టడం ఎప్పుడూ దండగ అని కాదు. బ్యాంకు లాంటి క్లయింటు ఆడిట్‌లో 'దీనికి వెండర్ సపోర్టు ఉందా' అని అడిగితే కాగితం చూపించక తప్పదు. అప్పుడు కూడా ఒరాకిలే అక్కర్లేదు. సర్వర్లు రెడ్ హ్యాట్ లినక్స్ మీద ఉంటే ఆ సబ్‌స్క్రిప్షన్‌లోనే ఓపెన్‌జేడీకే సపోర్టు కలిసి ఉంటుంది. మీ అప్లికేషన్‌లో బ్రౌజర్‌లో కనిపించే ముందు భాగం గూగుల్ వాళ్ల పాత ఫ్రేమ్‌వర్క్ ఆంగ్యులర్‌జేఎస్‌లో ఉంటే కథ వేరు. గూగుల్ దాన్ని 2021 డిసెంబర్ 31తో వదిలేసింది. తిరగరాయలేకపోతే పాత సాఫ్ట్‌వేర్‌కి సపోర్టు అమ్మే హీరోడెవ్స్ లాంటివాళ్లకి డబ్బిచ్చి ప్యాచ్‌లు తెచ్చుకోవడం నాకు సబబుగానే తోస్తుంది, కాకపోతే తిరగరాసే తేదీ కూడా రాసిపెట్టుకుని కట్టండి.

ఇంకో సంగతి. సబ్‌స్క్రిప్షన్ కాపాడేది జేడీకేని మాత్రమే. దానికి ఠంచనుగా డబ్బు కడుతూ, 2015 ఆగస్టులోనే సపోర్టు ఆగిపోయిన లాగ్‌ఫర్‌జే 1 అనే లాగ్‌లు రాసే లైబ్రరీని అదే అప్లికేషన్‌లో మోసుకుతిరిగే ప్రాజెక్టులు నాకు తగిలాయి. ఆ 36,000లో కొంచెం పక్కన పెట్టినా ఇద్దరు మనుషులు కూర్చుని మీ పాత లైబ్రరీల దుమ్ము దులపగలరు.

మారాక 211, ఆపై ఒరాకిల్ బిల్డ్‌లను అన్నిచోట్లా తీసేయండి. ప్రొడక్షన్ ఒక్కటే చూసుకుంటే చాలదు, బ్యాకప్ సర్వర్లూ అకౌంట్స్ వాళ్ల డెస్క్‌టాప్‌లూ వెతకండి. ఆఫీసు పనికి ఎక్కడో ఒక్కటి వాడుతూ దొరికినా లెక్క 200 మందికీ కడతారు.