డెస్క్‌టాప్ ముందు పోర్టుతో ఫోన్ ఛార్జింగ్: ఫోన్ పాడవదు, ముందు ఎర్తింగ్ చూసుకోండి

కంప్యూటర్ ముందువైపు యూఎస్‌బీ పోర్టుకు ఫోన్ తగిలిస్తే ఛార్జింగ్ గుర్తు వస్తోంది గానీ శాతం పెరగడం లేదని, దీనివల్ల ఫోన్ పాడవుతుందా అని అడిగారు. పాడవదు. గుంటూరు అరండల్‌పేటలో నేను నడుపుతున్న డీటీపీ సెంటర్‌కు ప్రింట్ల కోసం వచ్చే విద్యార్థులు తరచూ అడిగే ప్రశ్నే ఇది.

యూఎస్‌బీ 2.0 పోర్టు నుంచి ప్రమాణం ప్రకారం అందేది 5 వోల్టుల వద్ద 500 మిల్లీ ఆంపియర్లు, అంటే 2.5 వాట్లు మాత్రమే. సాధారణంగా నీలం రంగులో కనిపించే 3.0 పోర్టు అయితే 900 మిల్లీ ఆంపియర్లు. ఐదు వేల ఎంఏహెచ్ బ్యాటరీలో సుమారు 19 వాట్ అవర్ల శక్తి పడుతుంది కనుక, 2.0 పోర్టుతో అది నిండడానికి, దారిలో వృథా అయ్యేది కూడా కలుపుకుంటే, ఫోన్ ఆపి ఉంచినా ఎనిమిది గంటలకు పైనే పడుతుంది. ఇక స్క్రీన్ వెలుగుతూ, డేటా నడుస్తూ ఉంటే వచ్చిన కరెంటు వచ్చినట్టే ఖర్చయిపోతుంది.

వెనుక పోర్టులు నేరుగా మదర్‌బోర్డు మీదే ఉంటాయి. ముందువి క్యాబినెట్ లోపల ఒక తీగ ద్వారా బోర్డు పిన్నులకు కలుస్తాయి. చవక క్యాబినెట్లలో ఆ తీగ సన్నగా ఉంటుంది, పైగా పెన్‌డ్రైవ్‌లు పెట్టీ తీసీ పోర్టు వదులవుతుంది. మా సెంటర్‌లోని ఒక కంప్యూటర్‌కు అదే ఫోన్, అదే కేబుల్ పెట్టి చూస్తే, వెనుక 4.9 వోల్టులు చూపిన యూఎస్‌బీ మీటరు ముందు 4.6 దగ్గర నిలిచింది. వోల్టేజీ అలా పడిపోతే చాలా ఫోన్లు తీసుకునే కరెంటును తామే తగ్గించుకుంటాయి. అందుకే, అడాప్టర్ చేతిలో లేనప్పుడు వెనుక పోర్టే మేలు.

నన్ను నిజంగా కలవరపెట్టేది వేగం కాదు, ఎర్తింగ్. మా బ్రాడీపేటలోనూ, విజయవాడ వన్‌టౌన్‌లోనూ పాత అద్దె ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉన్నా, దాని వెనుక ఎర్త్ తీగ లేకపోవడం నేను స్వయంగా చూశాను. ఎస్‌ఎంపీఎస్‌లోని (కంప్యూటర్‌కు కరెంటు అందించే పవర్ సప్లై పెట్టెలోని) ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజును, న్యూట్రల్‌ను రెండింటినీ క్యాబినెట్ బాడీతో కలుపుతాయి. ఎర్త్ లేకపోతే బాడీ మీద 230 వోల్టులలో దాదాపు సగం నిలుస్తుంది. అది యూఎస్‌బీ కేబుల్ గ్రౌండ్ ద్వారా ఫోన్ లోహపు అంచు వరకూ వస్తుంది కనుకనే, చెప్పులు లేకుండా తడి గచ్చు మీద నిలబడి ఫోన్ పట్టుకున్నవారికి చెయ్యి జివ్వుమంటుంది. ఆ కరెంటు మామూలుగా స్వల్పమే. కానీ ఎస్‌ఎంపీఎస్‌లో ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజున అదే దారిలో పూర్తి ఫేజు రావచ్చు.

చేత్తో తాకి చూడకండి. క్యాబినెట్ వెనుక రంగు లేని స్క్రూకు నియాన్ టెస్టర్ ఆనించండి. అది వెలిగితే ప్లగ్ తీసేసి, ఎలక్ట్రీషియన్ చేత సాకెట్‌కు ఎర్త్ తీగ వేయించండి. అప్పటివరకు ఆ కంప్యూటర్‌కు ఫోన్ తగిలించవద్దు, పిల్లలను దాని దగ్గరకు రానివ్వవద్దు.