మొదటి పేరాలో మేరీ క్యూరీ వద్దు

అమ్మా,

సైన్స్‌లో స్త్రీల గురించి నువ్వు రాసిన వ్యాసం అందింది. మొదటి పేరాలో మేరీ క్యూరీ, రెండో పేరాలో ఆకాశంలో సగం, ఆఖర్న 'సమాజం మారాలి'. మధ్యలో నాలుగు పేజీలున్నాయి గానీ ఒక్క కొలత లేదు, ఒక్క తేదీ లేదు. రోజంతా మైక్రోలీటర్లలో కొలిచేదానివి, కలం పట్టగానే ఇలా గంపగుత్తగా మాట్లాడావేం? స్త్రీవాదం అంటే భావం, సైన్స్ అంటే అంకె అన్న నమ్మకం నీలో ఎక్కడో ఉన్నట్టుంది. ఆ రెండూ కలిసే చోటు ఒకటుంది. పరిశోధన పత్రాల్లో అందరూ దాటేసే 'పద్ధతులు' విభాగం అది. ఎవరిని లెక్కించారు, ఎవరిని వదిలేశారు, ఎవరి సంతకం తీసుకున్నారు, పని ఎవరు చేశారు, పేరు ఎవరికి పోయింది అన్నవన్నీ అక్కడే తేలతాయి. నీ వ్యాసమూ అక్కణ్ణుంచే మొదలవ్వాలి.

జోల్పిడెం అనే నిద్రమాత్రనే చూడు. అమెరికాలో దానికి 1992లో అనుమతి వచ్చింది. ఆడా మగా అందరికీ 10 మిల్లీగ్రాములే. 2013 జనవరిలో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఆడవాళ్ల మోతాదును 5 మిల్లీగ్రాములకు తగ్గించమంది. కారణమేమిటంటే, మాత్ర వేసుకున్న 8 గంటల తర్వాత కూడా, కారు నడపడానికి ఇబ్బంది కలిగించేంత మందు (మిల్లీలీటరు రక్తంలో 50 నానోగ్రాములకు పైన) సుమారు 15 శాతం ఆడవాళ్లలో మిగిలి ఉంది. మగవాళ్లలో అలా మిగిలింది 3 శాతం మందిలోనే. ఒకే మోతాదు సుమారు 20 ఏళ్లు నడిచింది. 'వైద్యరంగంలో వివక్ష' అని పేజీడు రాసినా ఈ రెండు అంకెలు చేసే పని చెయ్యలేదు. అయితే ఇక్కడే ఆగిపోకు. రక్తంలో ఈ తేడా ఉన్నంత మాత్రాన డ్రైవింగ్‌లో నిజంగా అంత ప్రమాదం ఉందా అని తర్వాత కొందరు పరిశోధకులు ప్రశ్నించారు. ఆ వాక్యమూ నీ వ్యాసంలో ఉండాలి. మన వాదానికి నప్పని ఫలితాన్ని మనమే దాచిపెడితే, ఎదుటివాళ్లను ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?

పత్రం చేతికొచ్చాక సారాంశం చదివి ఊరుకోకు. నేరుగా మొదటి పట్టికకు పో. ఆడవాళ్లెందరు, మగవాళ్లెందరు, వయసులేమిటి అన్నవి చాలావరకు అక్కడే ఉంటాయి. తర్వాత ఎవరెవర్ని తీసుకోలేదో చూడు. 'గర్భం దాల్చే వయసులో ఉన్నవారు' అన్న ఒక్క మాటతో ఎంతమంది ఏరివేతకు గురయ్యారో అప్పుడు తెలుస్తుంది. ఆ తర్వాత ఫలితాల్ని ఆడ, మగ విడదీసి ఇచ్చారా, కలిపేశారా అన్నది. ఎలుకల మీద ప్రయోగమైతే అవి ఆడవా మగవా, కణాల మీదైతే అవి ఎవరి శరీరం నుంచి వచ్చాయి అన్నది రాశారో లేదో వెతుకు. 2016 నుంచి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ నిధులకు దరఖాస్తు చేసేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి. అదే ఏడాది, పరిశోధన పత్రాల్లో లింగం, జెండర్ వివరాలు ఎలా రాయాలో చెప్పే సేజర్ మార్గదర్శకాలు పత్రికల కోసం వచ్చాయి. ఒకసారి కూర్చుని చదువు.

కొత్తవాళ్లు తరచు పడే గుంట ఒకటుంది. అధ్యయనంలో మొత్తం 40 మంది ఉంటే, అందులో ఆడవాళ్లు 9 మంది. ఆ తొమ్మిదిమంది ఫలితం పట్టుకుని 'ఆడవాళ్లలో ఈ మందు పనిచెయ్యదు' అని శీర్షిక పెట్టేస్తారు. తొమ్మిదిమందితో ఏదీ తేలదు. తేలలేదన్నదే అక్కడ వార్త, అదే రాయాలి.

ఇక భాష సంగతి. మన వ్యాకరణమే మనకు ఓ పరీక్ష పెట్టింది. మహత్తు, అమహత్తు అని చిన్నప్పుడు చదువుకున్నావు కదా. ఏకవచనంలో మగవాడు 'వచ్చాడు', ఆడమనిషీ బల్లీ బస్సూ 'వచ్చింది'. బహువచనంలోకి వెళ్తే గానీ ఆడవాళ్లకు మనుషుల్లో చోటు దొరకదు. ఈ తేడా కలంలోకి తెలీకుండానే దిగుతుంది. నీ వ్యాసంలోనే పేరు చెప్పని శాస్త్రవేత్త నాలుగుచోట్ల 'కనుగొన్నాడు', పేరున్న ఆవిడ 'చెప్పింది'. ఇద్దరికీ '-రు' పెట్టు: కనుగొన్నారు, చెప్పారు. గౌరవమూ దక్కుతుంది, ఆడో మగో తెలియనప్పుడు ఇబ్బందీ ఉండదు. జీవశాస్త్రపరమైన తేడాకు 'లింగం', సమాజం అంటగట్టిన తేడాకు 'జెండర్' వాడు. రెంటికీ ఒకే మాట వాడితే, ఎలుకలకు కూడా సామాజిక పాత్రలున్నాయనుకోవాల్సి వస్తుంది. వైకల్యం ఉన్నవాళ్ల గురించి రాసేటప్పుడు 'దివ్యాంగులు' అన్న మాటను చాలామంది ఇష్టపడరని గుర్తుంచుకో. ఆ మనిషినే అడిగి, వాళ్లు చెప్పిన మాట రాయి.

'మహిళా శాస్త్రవేత్త' అన్న పదం కనిపించిన ప్రతిచోటా 'మహిళా' కొట్టేసి చూడు. వాక్యానికి లోటేమీ రాకపోతే ఆ మాట అక్కర్లేదు. 2013లో ఒక అమెరికన్ పాత్రికేయురాలు దీనికి పరీక్షే పెట్టారు. ఫింక్‌బైనర్ పరీక్ష అంటారు. ఆమె ఆడమనిషి అని, భర్త ఏం చేస్తారని, పిల్లల్ని ఎవరు చూస్తారని, 'మొట్టమొదటి మహిళ' అని, ఇలా ఏడు విషయాలు లేకుండా ఆమె గురించి రాయగలవా అని. కమలా సోహోనీ కథ తీసుకో. 1933లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో సి.వి.రామన్ ఆమెను ఆడపిల్ల అన్న కారణంతో చేర్చుకోనన్నారు, తర్వాత ఏడాది పరిశీలన షరతుతో చేర్చుకున్నారు. మనవాళ్లందరూ అక్కడే ఆగిపోతారు. ఆమె కేంబ్రిడ్జిలో మొక్కల కణజాలంలో సైటోక్రోమ్ సి (కణాల శ్వాసక్రియలో పాల్గొనే ప్రోటీన్) ఉందని చూపించి 1939లో డాక్టరేట్ తీసుకున్నారన్నది ఎంతమంది రాశారు? ఆమె కథలో రామన్‌కు ఒక పేరా చాలు, సైటోక్రోమ్‌కు మూడు పేరాలివ్వు. అది భాగమైన శ్వాసక్రియ గొలుసు ఏం చేస్తుందో, అది మొక్కల్లో ఉందని తేలడం ఎందుకంత పెద్ద విషయమో వివరించు. నీ చదువు పనికొచ్చేది అక్కడే.

మన నేల మీది ఉదాహరణ కావాలంటే భద్రాచలం ఉంది. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేలమందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేశారు. వాళ్లలో గిరిజన పిల్లలు, హాస్టళ్లలో ఉండేవాళ్లు ఎక్కువ. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన ప్రాజెక్టు అది. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. దీన్ని రాసేవాళ్లు రెండు రకాలుగా తప్పుతారు. ఒకరు 'టీకా పిల్లల్ని చంపింది' అంటారు. విచారణలు అలా చెప్పలేదు, మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదన్నాయి. ఇంకొకరు 'టీకా సురక్షితం, గొడవంతా అపోహ' అంటారు. అదీ తప్పే. చాలా అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు పెట్టారు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో తీవ్రంగా తప్పుపట్టిన వాటిలో ఇదొకటి. టీకా మంచిదే, సంతకం చెల్లదు. ఈ రెంటినీ ఒకే పేరాలో నిలబెట్టగలిగితే నీకు రాయడం వచ్చినట్టే. తండాలో ఉన్న తల్లికి ఏ భాషలో చెప్పారు, ఎవరు చెప్పారు, వద్దనే వీలు నిజంగా ఉందా అని అడగడమే ఇక్కడ స్త్రీవాద పద్ధతి. వేరే సిద్ధాంతం తెచ్చి అతికించక్కర్లేదు.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ ప్రాంతంలో దళిత మహిళా సంఘాలు విత్తన నిధులు (విత్తనాలు దాచి పంచుకునే బ్యాంకులు) నడుపుతున్నాయి. వాళ్ల గురించి రాస్తూ 'నిరక్షరాస్యులైన మహిళలు' అని మొదలుపెట్టావు. ఏ నేలలో ఏ జొన్నను ఏ పప్పుధాన్యంతో కలిపి చల్లాలో తెలిసిన మనిషిని చదువు రాకపోవడాన్నిబట్టి పరిచయం చేస్తావా? ఆ వాక్యం తీసెయ్.

నీలాంటి పరిశోధకులకు పనికొచ్చే నిబంధనలు కూడా రాయి, కానీ ఖచ్చితంగా. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ మొత్తం కాలంలో ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల వరకు ఇవ్వొచ్చు. ఏటా 240 కాదు. స్త్రీలకూ, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవాళ్లకూ గడువు మీద మరో 2 ఏళ్ల సడలింపు ఉంది. లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ప్రకారం ఫిర్యాదు 3 నెలల్లోపు ఇవ్వాలి, విచారణ 90 రోజుల్లో ముగియాలి. అంతర్గత కమిటీలో కనీసం సగంమంది స్త్రీలు, బయటి సభ్యురాలో సభ్యుడో ఒకరు ఉండాలి. 'మా దగ్గర కమిటీ ఉంది' అన్న జవాబు రాసుకుని రాకు. బోర్డు మీద పేర్లు ఏ ఏడాదివో, వాళ్లలో ఎంతమంది ఇంకా అక్కడ పనిచేస్తున్నారో చూడు. ఒక్క హెచ్చరిక. అదే చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు చేసినవాళ్లు, ఎదుటిపక్షం, సాక్షుల వివరాలు, ఫిర్యాదులోని విషయాలు బయటపెట్టకూడదు. పేరు మార్చి విభాగం, సంవత్సరం రాసినా ఊరంతా గుర్తుపడుతుంది. తోటి పరిశోధకురాలికి మేలు చెయ్యబోయి కీడు చేసినట్టవుతుంది.

ఇక పేర్ల సంగతి. ఎవరు ఏ పని చేశారో చెప్పేందుకు క్రెడిట్ అనే 14 పాత్రల పట్టికను ఇప్పుడు చాలా పత్రికలు వాడుతున్నాయి. ఆలోచన ఎవరిది, సమాచారం శుభ్రపరిచిందెవరు, బొమ్మలు గీసిందెవరు, అన్నీ అందులో ఉంటాయి. ఇంటర్వ్యూకి వెళ్లేముందు అది చదువుకుంటే, ప్రయోగశాలలో బెంచీ దగ్గర నిలబడి పనిచేసిన మనిషిని వెతికి పట్టుకోగలవు. గైడు ఒక్కరితోనే మాట్లాడి వచ్చెయ్యకు. కృతజ్ఞతల్లో ఒక్క లైనుతో సరిపెట్టిన టెక్నీషియన్‌ని కూడా కలువు.

తిరగరాసి పంపు. 1,200 మాటలు దాటొద్దు. నువ్వు ఎంచుకున్న పత్రంలోంచి పద్ధతుల విభాగం, మొదటి పట్టిక నకళ్లు జతచెయ్యి. పక్కన పెట్టుకుని చదువుతాను.

ఉంటాను.