మట్టిబొమ్మకు ప్రాణం పోసే ముందు

అనంతపురం,
ఆదివారం ఉదయం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులతో వ్రాయునది.

కడపలో నీ హాస్టల్ స్నేహితురాళ్ళు ఆరుగురిని కూర్చోబెట్టి పాచికలు వేస్తూ కథలోని పాత్రలుగా ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకు నువ్వే కథ చెప్పే డంజన్ మాస్టర్‌గా ఆట నడపబోతున్నావనీ, అందులో గోలెంలను, అంటే మంత్రంతో ప్రాణం పోసే బొమ్మలను, తయారుచేయడానికి నియమాలన్నీ తెలుగులో నువ్వే కొత్తగా రాస్తున్నావనీ నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. పరీక్షలు దగ్గర పెట్టుకుని ఈ ఆటలేమిటో నువ్వైనా అడుగు అని నాకు పని అప్పగించింది గానీ, అది అడగడానికి నాకు మనసు రాలేదు. అమెరికా నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఒక పెట్టె నిండా మోసుకొచ్చిన ఆ పుస్తకాలను మన ఇంట్లో ఒక ఆడపిల్ల తెరుస్తుందని, తెరిచి తన భాషలో తిరగరాస్తుందని నేను అనుకోలేదు. చాలా గర్వంగా ఉంది తల్లీ. అయితే గోలెం అన్న మాట విన్న తరువాత రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను, ఓపికగా చదువు.

ధర, బరువు, రోజుల లెక్క పుస్తకాలలో ఉన్నవే. నేను ఆడిన 3.5 కూర్పులో, అంటే 2003 నాటి పుస్తకాలలో, మట్టి గోలెంకు 21,500 బంగారు నాణేల ఖర్చు, రాతి దానికి 50,000, ఇనుప దానికి 80,000. 2014లో వచ్చిన ఐదవ కూర్పులో మట్టి గోలెం చేసే విధానం చెప్పే మంత్రగ్రంథం చేతికి దొరికితే 65,000 నాణేలు, 30 రోజుల పని. ఏదో ఒకటి పట్టుకుని, నీ ఆటలో డబ్బు ఎంత సులువుగా దొరుకుతుందో చూసుకుని తగ్గించుకో. ఒక్క లెక్కను మాత్రం వదలవద్దు. పాత కూర్పులో మట్టి గోలెం చేసినవాడు డబ్బుతో పాటు తన అనుభవంలోంచి 1,540 పాయింట్లు కూడా వదులుకోవాలి; ఐదవ కూర్పు వచ్చేసరికి అది పోయింది. నువ్వు దాన్ని వెనక్కి తీసుకురా. డబ్బు పోతే ఇంకొక గుహలో దొరుకుతుంది గానీ, తను నేర్చుకున్నదానిలోంచి కొంత పోతుందంటే ఆ పిల్ల రెండో గోలెం చేసే ముందు ఒక పూట ఆలోచిస్తుంది.

మట్టి విషయంలో పుస్తకం చెప్పేది చాలా తక్కువ. వెయ్యి పౌండ్లకు తగ్గని ఒకే ముద్ద కావాలంటుంది, అంటే దాదాపు నాలుగున్నర క్వింటాళ్ళు. దానికి 1,500 నాణేల విలువైన తైలాలు, చూర్ణాలు పట్టించాలంటుంది, అంతే. మా ఊరి కుమ్మరి తాత చెరువు మట్టి తెచ్చి, ఎండబెట్టి, దంచి, జల్లించి, నానబెట్టి, కాళ్ళతో తొక్కిన తరువాత ముద్దను తీగతో నిలువుగా కోసి, కోసిన ముఖం మీద బొటనవేలు నెమ్మదిగా జరుపుతూ చూసేవాడు. గోధుమగింజంత రాయి తగిలినా, గాలిబుడగ గుంట కనబడినా మళ్ళీ మొదటి నుంచీ తొక్కేవాడు. చేసినదాన్ని ఎండలో పెట్టనిచ్చేవాడు కాదు. పైపొర ముందే ఆరి బిగుసుకుంటుంది, లోపల తడి అలాగే నిలుస్తుంది, బొమ్మ నెర్రెలు వారుతుంది. కుండకే అంత జాగ్రత్త అవసరమైతే నాలుగున్నర క్వింటాళ్ళ మనిషికి ఎంత కావాలో ఆలోచించు. అందుకని నీడలో ఆరబెట్టే రోజులకు ఒక నియమం పెట్టు. తొందరపడినవారి గోలెం ఒంటి మీద ఒక నెర్రె ఉంటుందనీ, అది ఎక్కడ ఉందో బల్ల చుట్టూ ఉన్న అందరికీ కనబడుతుందనీ రాయి. కనబడాలని ఎందుకంటున్నానో ముందు ముందు తెలుస్తుంది.

రాతి గోలెం మాట రాగానే మీవాళ్ళు కడప బండలు అంటారు. ఆ సున్నపురాయి పొరలు పొరలుగా విడుతుంది గనుకే మన ఇళ్ళలో నేలబండలుగా, వంటింటి గట్టుగా అమరింది. పుస్తకం అడిగే మూడు వేల పౌండ్ల ఏకశిల కావాలంటే లేపాక్షి బసవన్నను మలచినటువంటి గుండు కావాలి. కడప బండతో చవకగా చేసుకోనివ్వు, సుత్తి దెబ్బకు పొర లేస్తుందని ముందే చెప్పు. ఇనుప గోలెంకు నిప్పు తగిలితే గాయం మానుతుంది, మెరుపు తగిలితే నెమ్మదిస్తుంది, తుప్పు పడితే పాడవుతుంది. ఇది బాగున్న నియమం, మార్చవద్దు.

ఇక ఆజ్ఞల సంగతి. నా భయమంతా ఇక్కడే ఉంది.

గోలెం తన కర్తకు 60 అడుగుల లోపల ఉండి, ఆయనను చూడగలిగి, వినగలిగితే చెప్పినట్లు చేస్తుంది. ఆయన దగ్గర లేనప్పుడు చివరగా విన్న మాటను పట్టుకుని ఉంటుంది. మా నాన్న బోరు మోటారుకు ఆటో స్టార్టర్ పెట్టించిన ఏడాది నాకు ఇంకా గుర్తుంది. రాత్రి ఏ జాముకు కరెంటు వచ్చినా అదే మోటారును ఆన్ చేసేది, మేము హాయిగా పడుకునేవాళ్ళం. ఒక వేసవిలో బోరులో నీళ్ళు అడుగంటాయి. కరెంటు వచ్చింది, స్టార్టర్ తన పని తాను చేసింది, తెల్లవారి మేము వెళ్ళేసరికి వైండింగ్ కాలిన వాసన గట్టు దాకా వస్తోంది. నీళ్ళు ఉన్నాయా లేవా అని చూడమని దానికి ఎవరూ చెప్పలేదు. గోలెం కూడా అటువంటిదే. శాలివాహనుడి కథలో కుమ్మరి ఇంట పెరిగిన పిల్లవాడు మట్టి ఏనుగులకూ గుర్రాలకూ సైనికులకూ ప్రాణం పోసి విక్రమార్కుడి మీదికి నడిపించాడని మా అవ్వ చెప్పేది గానీ, యుద్ధం ముగిశాక ఆ సైన్యం ఏమైందో ఎప్పుడూ చెప్పలేదు. ప్రాగ్ నగరపు యూదులు తమ రబ్బీ యెహూదా లోవ్ పేరు మీద చెప్పుకునే కథలో ఆ జవాబు ఉంది. బొమ్మ నుదుట 'ఎమెత్' అని, అంటే సత్యమని రాస్తారు. మొదటి అక్షరం చెరిపేస్తే 'మెత్' మిగులుతుంది, అంటే చచ్చినది అని. ప్రాణం పోసే అక్షరాలలోనే ఆపే దారి కూడా ఉండడం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

2006లో మా మిద్దె మీద ప్రతి ఆదివారం కాలనీ పిల్లలు అయిదుగురితో ఆట నడిపేవాడిని. మీ అత్త ఉగ్గాని, బజ్జీలు పైకి పంపేది. అప్పటికి రెండేళ్ళుగా ఆడి అందరూ పదకొండో లెవెల్‌కు చేరుకున్నాక, ఇంటర్ చదివే కుర్రవాడు తన పాత్ర చేత మట్టి గోలెం చేయించాడు. ఒక గుహ వాకిట దాన్ని నిలబెట్టి, "నేను తిరిగి వచ్చేదాకా ఎవ్వరినీ ఈ గడప దాటనివ్వకు" అని ఆజ్ఞ ఇచ్చి అందరితో కలిసి లోపలికి వెళ్ళాడు. లోపల ఒక ఉచ్చులో పడి చనిపోయాడు. ఇక తిరిగి వచ్చేవాడు లేడు. మిగతావాళ్ళు పరుగెత్తుకుంటూ వాకిలికి వచ్చేసరికి గోలెం అడ్డం నిలిచింది, ఎందుకంటే ఎవ్వరినీ అంటే లోపలి నుంచి వచ్చేవారిని కూడా. నేను ఆ మాటను అక్షరాలా పట్టుకున్నాను, చాలా తెలివైన పని చేస్తున్నానని అనుకున్నాను.

పోరాటం మొదలైంది. మట్టి గోలెం పోరులో ఉన్న ప్రతి రౌండుకూ ఒక్కో శాతం చొప్పున, దానిలోని భూతం కట్టు తెంచుకుని వెర్రెత్తిపోయే అవకాశం పెరుగుతుంది. అలా వెర్రెత్తితే మళ్ళీ అదుపులోకి తెచ్చే దారి పుస్తకంలో లేదు. ఏడో రౌండులో నేను తెర వెనక శాతం పాచికలు వేస్తే నాలుగు పడింది, ఏడు లోపే గనుక అది వెర్రెత్తింది. అందరిలో చిన్నవాడు, ఎనిమిదో తరగతి పిల్లవాడు, మరుగుజ్జు పూజారి పాత్ర ఆడేవాడు. తక్కినవాళ్ళు బయటపడేదాకా తానే దానికి ఎదురు నిలబడ్డాడు. మట్టి గోలెం కొట్టిన గాయానికి మంత్రవైద్యం అంత సులువుగా పట్టదు, ఇరవై ముఖాల పాచికకు తన లెవెల్ కలిపి 26 రావాలి. అంటే అతనికి 15 పడాలి. మూడుసార్లు వేశాడు, మూడుసార్లూ పడలేదు.

"మామా, అది వెర్రెత్తుతుందని పుస్తకంలో ముందే ఉందా?" అని అడిగాడు. ఉందన్నాను. "గాయం మానదని కూడా?" అదీ ఉందన్నాను. "మరి దాన్ని చేసేటప్పుడు మాకు ఎందుకు చెప్పలేదు?" దానికి నా దగ్గర జవాబు లేదు. ముందే చెబితే ఆటలో విస్మయం పోతుందని అనుకున్నాను, కానీ ఆ మాట వాడి ముఖం చూస్తూ అనలేకపోయాను. బ్రౌన్ పేపరు అట్ట వేసిన నోటు పుస్తకంలో ప్రాణాల లెక్క దగ్గర సున్నా రాసి, బళ్ళో లెక్క ముగించినప్పుడు గీసినట్లు కింద స్కేలు పెట్టి రెండు గీతలు గీశాడు. ఆటలోని డబ్బు పెట్టి ఆ పాత్రను బతికించుకుందామని పెద్దవాళ్ళు అన్నా వద్దన్నాడు. తరువాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. ఇప్పుడు ఎప్పుడైనా టవర్ క్లాక్ దగ్గర బిడ్డను బండి మీద కూర్చోబెట్టుకుని ఎదురుపడితే ఎంతో మర్యాదగా నమస్కారం పెడతాడు. క్షమించమని నేను ఇప్పటికీ అడగలేదు.

అందుకే అమ్మాయీ, నీ మీద కోపంగానే అడుగుతున్నాను: మీ అమ్మ చదివి వినిపించిన నీ చిత్తుప్రతిలో తయారీకి పన్నెండు నియమాలు ఉన్నాయి, ఆపడానికి ఒక్కటైనా ఉందా? ఆపే నియమాన్ని అన్నిటికంటే ముందు రాయి. నుదుటి అక్షరమో, కర్త మరణిస్తే సూర్యాస్తమయానికి ఆగిపోవడమో, రెండో మనిషికి అప్పగించిన అధికారమో, ఏదైనా సరే. నిజానికి పాత పుస్తకంలోనే కర్త తన గోలెంను మరొకరి మాట వినమని ఆజ్ఞాపించవచ్చునని ఉంది. ఆ రోజు ఆ సంగతి మావాళ్ళకు గుర్తుచేసి ఉంటే సరిపోయేది. గోలెం చేసే పిల్ల ఆజ్ఞను కాగితం మీద రాసి బల్ల మధ్యలో పెట్టాలి, అందరూ చదవాలి, ఎవరికి సందేహం వచ్చినా అప్పుడే అడగాలి. వెర్రెత్తే శాతం ఎంతకు చేరిందో ప్రతి రౌండుకూ పైకి చెప్పు, ఆ పాచికను అందరి ముందూ వెయ్యి. వాళ్ళు భయపడతారు, భయపడనీ. తెలిసి భయపడితే ఆటలోనే ఉంటారు. నీ బల్ల దగ్గర మాట్లాడని పిల్ల ఒకతె ఉండే ఉంటుంది, ఆమె చదివిందో లేదో నువ్వే అడిగి తెలుసుకో.

కోప్పడ్డానని బాధపడకు. నీకు నాలుగేళ్ళప్పుడు నా పాచికల సంచి బోర్లించి, ఇరవై ముఖాలదాన్ని నేరేడు పండు అనుకుని నోట్లో పెట్టుకున్నావు, గుర్తుండదు నీకు. ఆ సంచినే ఈ ఉత్తరంతో పాటు పార్సిల్ చేస్తున్నాను, ఏడు పాచికలూ ఉన్నాయి. 2006 తరువాత వాటిని నేను తియ్యలేదు. అత్త చింతకాయ తొక్కు సీసా కూడా అందులోనే పెట్టింది, మూత బిగించి గుడ్డ కట్టాను, విప్పేటప్పుడు నిలువుగా పట్టుకుని విప్పు. ఆపే నియమం రాయగానే మిగతావి పూర్తి కాకపోయినా ఆ ఒక్క పేజీ నాకు పంపు.

ఇట్లు,
మామయ్య