కార్డులో టీకా పడింది... కుక్కపిల్లకు పడిందా?

ప్రశ్న: కుక్కపిల్లల వ్యాపారం చేసే ఒకాయన దగ్గర 45 రోజుల పిల్లను కొన్నాం. 'వ్యాక్సిన్లన్నీ అయిపోయాయి' అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి, కార్డు కూడా ఇచ్చాడు. ఇంటికి తెచ్చిన మూడో రోజే వాంతులు, రక్త విరేచనాలు. డాక్టరు పరీక్ష చేసి పార్వో (కుక్కపిల్లల పేగులను దెబ్బతీసే వైరస్ జబ్బు) అన్నారు. వారం పాటు సెలైన్లు ఎక్కించి బతికించారు. అమ్మినాయన మాత్రం 'ప్రాణమున్నవాటికి గ్యారంటీ ఉండదు, బిల్లు వెనకే రాసి ఉంది' అంటున్నాడు. మేం ఏమైనా చేయగలమా? ఇకమీదట రేబిస్ టీకా వేయించకపోతే మాకేమైనా ఇబ్బందా?

జవాబు: పార్వో బారిన పడి మీ పిల్ల దక్కడం నిజంగా అదృష్టం. ఇక కేసు సంగతి. మీ చేతిలో ఉన్న గట్టి ఆధారం ఆ వాట్సాప్ మెసేజే. దాన్ని డిలీట్ చేయకండి.

ఎందుకంటే 45 రోజుల పిల్లకు వ్యాక్సిన్లన్నీ అయిపోవడం జరిగే పని కాదు. డిస్టెంపర్, పార్వో, హెపటైటిస్‌లకు కలిపి ఇచ్చే టీకా మొదటి డోసే 6 నుంచి 8 వారాల మధ్య వేస్తారు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు పిల్ల ఒంట్లో ఉన్నన్నాళ్లూ టీకాను సరిగా పనిచేయనివ్వవు. అవి ఎప్పుడు తగ్గుతాయో ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది. అందుకే 16 వారాలు వచ్చేదాకా 2 నుంచి 4 వారాలకోసారి డోసు వేస్తూ పోతారు. రేబిస్ టీకా మామూలుగా 12 వారాలు నిండాకే. అంటే ఆయన పెట్టిన మెసేజ్ అబద్ధమని పిల్ల వయసే చెబుతోంది. ఇంకో మాట, 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకాల నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మనే కూడదు.

ఇప్పుడు ఆ కార్డు తీసి వెలుతురులో చూడండి. టీకా వేసిన డాక్టరు మందు సీసా మీది స్టిక్కర్ ఒలిచి తేదీ పక్కన అంటిస్తారు. దాని మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. స్టిక్కర్ అసలు ఉందా? టీకా వేసిన రోజుకే ఆ మందు గడువు దాటిపోయిందా? సంతకం కింద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉందా? నా దగ్గరికి వచ్చిన ఒక కార్డులో మూడు తేదీలు ఒకే పెన్నుతో, ఒకే ఊపులో రాసినట్టున్నాయి. ఒక తేదీ పిల్ల పుట్టకముందుది! రిజిస్ట్రేషన్ నంబరు నిజమైనదో కాదో రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్‌లో అడిగి తెలుసుకోవచ్చు.

'టీకా వేశాను, అది పనిచేయకపోతే నేనేం చేయను' అని ఆయన వాదించవచ్చు. అలా జరగడానికి అవకాశం ఉంది, కాదనను. కానీ అన్నీ అయిపోయాయని చెప్పి అమ్మిన అబద్ధం దాంతో చెరిగిపోదు. పైగా వైరస్ సోకాక లక్షణాలు బయటపడటానికి సాధారణంగా 3 నుంచి 7 రోజులు, ఒక్కోసారి 2 వారాల దాకా పడుతుంది. మీకు మూడో రోజే కనిపించాయంటే జబ్బు అక్కడే అంటుకుని ఉండే అవకాశం ఎక్కువ. ఈ మాట డాక్టరు గారి చేత కాగితం మీద రాయించుకోండి. టెస్టు రిపోర్టు, మందుల బిల్లులూ జాగ్రత్త.

బిల్లు వెనక రాతకు భయపడొద్దు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 దృష్టిలో కుక్కపిల్ల కూడా 'వస్తువే'. వినడానికి బాధగా ఉన్నా, మిమ్మల్ని కాపాడేది ఆ మాటే. తప్పుడు మాటలు చెప్పి అమ్మడం ఆ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి. ముందు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జవాబు రాకపోతే మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. గడువు 2 ఏళ్లు. లాయరు తప్పనిసరి కాదు. వైద్యం ఖర్చు, పడిన మనోవేదనకు పరిహారం రెండూ అడగండి. కార్డు దొంగదని తేలితే మోసం కింద పోలీసు ఫిర్యాదూ ఇవ్వొచ్చు, అయితే డబ్బు రావాలంటే కమిషనే దగ్గరి దారి.

రేబిస్ విషయంలో మాత్రం బాధ్యత మీదే. పెంపుడు జంతువుకు టీకాలు వేయించాల్సింది యజమానే అని 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి. మనుషులకు ప్రమాదం కలగకుండా పెంపుడు జంతువు విషయంలో తగిన జాగ్రత్త తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద శిక్ష కూడా ఉంది. చట్టం అలా ఉంచండి, రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించుకోవడం దాదాపు అసాధ్యం. ఈలోగా పిల్ల పన్ను ఎవరికైనా గీరుకుంటే సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

పిల్ల పూర్తిగా కోలుకున్నాక డోసులు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో డాక్టరు చెబుతారు. అవి పాత కార్డులో రాయించకండి. అది ఇప్పుడు సాక్ష్యం. కవర్లో పెట్టి దాచండి, కొత్త కార్డు తెరవమనండి.