ఎఫ్‌డీ బ్రేక్ చేసి సముద్రపు చేపను కొనొచ్చా?

ప్రశ్న: మాది బరంపురం. ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్‌ని. నా జీతం, మా ఆవిడ అప్పడాల మీద వచ్చేది కలిపి నెలకు 44,000. ఖర్చులు 34,000. పాప చదువు కోసం 4,000 సిప్ కడుతున్నాం. 2 లక్షల ఎఫ్‌డీ ఉంది. విశాఖలో స్నేహితుడి ఇంట్లో కామెట్ అనే సముద్రపు చేపను చూసినప్పటి నుంచి అది పెంచాలని కోరిక. 250 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు, నీళ్లను చల్లబరిచే చిల్లర్, చేప అన్నీ కలిపి 92,000 అన్నారు. ఎఫ్‌డీ బ్రేక్ చేయనా, ఈఎంఐలో తీసుకోనా? నీళ్లు గోపాల్‌పూర్ సముద్రం నుంచి తెచ్చుకుంటే కలిసొస్తుందా?

జవాబు: రెండూ వద్దండి. చేప మాత్రం వద్దని అనను. ఒళ్లంతా తెల్ల చుక్కలు, వెనక రెక్క దగ్గర కన్నులాంటి మచ్చ. భయం వేస్తే తల రాతి సందులో దూర్చి తోక బయట పెడుతుంది. చూసేవాళ్లకు అది మోరే ఈల్ అనే పాములాంటి చేప తలలా కనిపిస్తుంది. దాని మీద మనసు పడటంలో తప్పేమీ లేదు.

మీ ఎఫ్‌డీ అంటే ఆరు నెలల ఇంటి ఖర్చు. ప్రైవేటు ఉద్యోగానికి మీకున్న ధైర్యం అదే, దాన్ని ముట్టుకోవద్దు. నో కాస్ట్ ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ పడతాయి, నగదుకు వచ్చే తగ్గింపు పోతుంది.

అసలు లెక్క నెలవారీ ఖర్చుది. పంపులు, లైట్లు 80 వాట్లు రోజంతా నడిస్తే నెలకు 58 యూనిట్లు. చిల్లర్ 250 వాట్లనుకుంటే, రోజుకు పది గంటలకు 75 యూనిట్లు. ఇవి మీ ఇప్పటి వాడకం మీద పడతాయి కాబట్టి పై స్లాబు రేటే పడుతుంది. యూనిట్‌కి ఐదున్నర వేసినా 730. లీటరుకు 35 గ్రాముల ఉప్పు కావాలి. పదిహేను రోజులకోసారి పదో వంతు నీళ్లు మారిస్తే నెలకు 1.75 కిలోలు. కిలో 400 అనుకుంటే 700. మేత, నీటి పరీక్ష కిట్లు, ఆర్‌ఓ ఫిల్టరు, రిపేర్లకు పక్కన పెట్టేది చేరిస్తే మూడు వేలకు తక్కువ కాదు. చిల్లర్ మానేసి మిగుల్చుకుందామని మాత్రం చూడకండి, ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్లవుతుంది. మే నెలలో మీ ఊరి ఎండకు నీళ్లు 27 డిగ్రీల లోపు ఉండటం కష్టం.

గోపాల్‌పూర్ నీళ్ల ఆశ వదిలేయండి. వానాకాలంలో నదుల నీళ్లు కలిసి ఉప్పదనం పడిపోతుంది, ఒడ్డు దగ్గర మురికి సరేసరి. మీరు మరిచిపోకూడనిది అక్టోబరు. 2013లో ఫైలిన్ తుపాను తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే. తుపాను వచ్చి కరెంటు పోయాక పంపు ఆగితే నీళ్లలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. ఇంటి ఇన్వర్టర్ మీద చిల్లర్ ఎక్కువసేపు నడవదు కానీ చిన్న ఎయిర్ పంపు నడుస్తుంది. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి విడిగా కూడా ఉండాలి. కొటేషన్‌లో అది లేకపోతే చేర్చమనండి.

సిప్ పోను మిగిలే 6,000తో వచ్చే నెల నుంచే ఆర్‌డీ మొదలుపెట్టండి. 16 నెలల్లో 96,000, పైన వడ్డీ. ఈలోగా ట్యాంకు పెట్టే గదిలో థర్మామీటరు వేలాడదీసి, ఎండాకాలంలో రోజూ ఎంత చూపిస్తుందో, కరెంటు ఎన్ని గంటలు పోతుందో రాసుకోండి. ఆర్‌డీ వాయిదాలు తరచూ తప్పుతుంటే నెలకు మూడు వేల చేప మీ ఇంటికి బరువే. అప్పుడు మంచినీటి ట్యాంకుతో సరిపెట్టుకోవడం మేలు.

అన్నీ కుదిరితే, ట్యాంకులో నీళ్లు నింపాక చేప లేకుండా నాలుగు నుంచి ఆరు వారాలు నడిపించాలి. నీళ్లలో చేపకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు వచ్చాకే చేప. చవగ్గా వస్తున్నాయని బతికున్న పగడాలు కొనకండి, వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసవుతుంది. తోడుగా చిన్న రొయ్యలు అంటగడితే వద్దనండి, కామెట్ వాటిని తినేస్తుంది, ఆ డబ్బు నీళ్లపాలే. పగలు దాక్కుని చీకటి పడ్డాక తిరిగే చేప ఇది, కాబట్టి దుకాణానికి సాయంత్రం వెళ్లండి. మీ ఎదుటే చేపకు రొయ్య ముక్క వేయమని చెప్పి, అది తిన్నాకే డబ్బు కట్టండి.