వ్యాప్-7 మోడల్ మీద ఎర్ర పట్టీకి సరైన రంగు ఏది?

మీరడిగింది ఇదీ: హెచ్‌ఓ స్కేల్‌లో, అంటే అసలు దానిలో 87వ వంతు సైజులో, లాలాగూడ షెడ్‌కి చెందిన వ్యాప్-7 కరెంటు రైలింజన్ మోడల్ చేస్తున్నారు. తెల్ల బాడీ మీద ఎర్ర పట్టీ వేస్తే ఇటుక రంగులోకి పోతోంది. ఆ ఎరుపు రంగు కోడ్ ఏంటి, హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుంది?

కోడ్ సంగతి తర్వాత. రంగు కింద వేసే మొదటి పూత, మీ ప్రైమర్, బూడిద రంగుదా? అయితే తప్పు ఎరుపుది కాదండీ. ఎరుపు, పసుపు రంగులు కింద ఉన్నదాన్ని సరిగా కప్పవు, బూడిద పైకి కొట్టి ఎరుపు మట్టిబారుతుంది. నేను తెల్ల ప్లాస్టిక్ చెంచాల మీద చూసుకుంటాను. చెంచాలో సగం తెల్ల ప్రైమర్, సగం బూడిద ప్రైమర్, రెంటి మీదా ఒకే డబ్బాలోని ఎరుపు. ఆరాక చూస్తే ఒకే డబ్బా అంటే ఎవరూ నమ్మరు. ముందు బాడీ అంతా తెలుపు కొట్టి, బాగా ఆరనిచ్చి, మాస్కింగ్ టేపు వేసి ఆ తర్వాతే ఎరుపు కొట్టండి. తిరగేసి ముందు ఎరుపు, దానిమీద తెలుపు కొడితే ఎరుపు తెలుపులోకి ఊరి గులాబీ చాయ తేలుతుంది.

ఇక కోడ్. మన దేశంలో పెయింట్ రంగులకు ఐఎస్ 5 అనే ప్రమాణం ఉంది. అందులో ఫైర్ రెడ్ 536, సిగ్నల్ రెడ్ 537, పోస్టాఫీస్ రెడ్ 538 పక్కపక్కనే ఉంటాయి. దుకాణంలో మాట్లాడటానికి ఆ నంబర్లు పనికొస్తాయి గానీ మీ ఇంజన్ అచ్చం అలాగే ఉంటుందనుకోవద్దు. ఓవర్‌హాల్‌లో, అంటే పెద్ద మరమ్మతులో, మళ్లీ పెయింట్ పడుతుంది, ఎండకు వెలుస్తుంది. ఒకే షెడ్ ఇంజన్లు రెండు పక్కపక్కన నిలబడితే పట్టీలు రెండు రకాలుగా కనిపిస్తాయి. కాబట్టి ‘వ్యాప్-7 రంగు’ అని వెతక్కండి, ఫలానా నంబర్ ఇంజన్, ఫలానా ఏడాది అని పెట్టుకోండి.

ఫోన్ ఫొటోని నమ్మొద్దు, కెమెరా ఎరుపును తనకిష్టమొచ్చినట్టు మార్చేస్తుంది. చెంచాలు జేబులో వేసుకుని, ప్లాట్‌ఫామ్ టికెట్ కొనుక్కుని, పొద్దున ఎండలో బేగంపేటలోనో కాచిగూడలోనో ఇంజన్ ఆగే చివర నిలబడండి. చెయ్యి చాపి చెంచాను పట్టీకి ఎదురుగా పెట్టి చూస్తే ఏది దగ్గరో తెలిసిపోతుంది. పట్టాల మీదకు దిగొద్దు, పైన తీగలో 25,000 వోల్టులు. పోలీసాయన వచ్చి ఏం చేస్తున్నావని అడిగితే మోడల్ ఫొటో చూపించండి, చాలావరకు నవ్వి వెళ్లిపోతారు. ఇంట్లో పసుపు బల్బు కింద మాత్రం రంగు కలపొద్దు, పగలు కిటికీ దగ్గరే కలపండి.

ఇంకోటి. అసలు ఇంజన్ 20.5 మీటర్లు, మీ మోడల్ 24 సెంటీమీటర్లు కూడా ఉండదు. అంత చిన్న వస్తువు మీద అదే రంగు ముదురుగా కనిపిస్తుంది, రంగును కొంచెం లేతగా చెయ్యాలి. ఎరుపులో తెలుపు కలిపితే గులాబీ అయిపోతుంది కాబట్టి నేను చుక్క నారింజ, మరీ అవసరమైతే కాస్త క్రీమ్ వేస్తాను.

కొనడానికైతే రాణిగంజ్ వైపు కార్ల పెయింట్ కలిపే దుకాణాలు చూడండి. మీకు నచ్చిన చెంచా ఇచ్చి దీనికి మ్యాచ్ చెయ్యమనండి. 50 మిల్లీలీటర్లు చాలా ఎక్కువే, అంత తక్కువకి కొందరు మొహం చిట్లిస్తారు, పక్క దుకాణానికి వెళ్లండి. కార్ల పెయింట్‌ని పలచన చెయ్యడానికి పోసే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. ముందు పనికిరాని ముక్క మీద కొట్టి చూసి, ప్రైమర్ పూర్తిగా ఆరాక పలచగా పొరలు పొరలుగా వెయ్యండి.

మన ఊరి వాతావరణం కూడా లెక్కలోకి తీసుకోవాలి. మే నెల మధ్యాహ్నం పెయింట్ గాలిలోనే ఆరి గరుకుగా పడుతుంది. జూలై ముసురులో లాకర్ రకం పెయింట్ మీద తెల్లటి పొగలా పట్టేస్తుంది. నేనైతే వానాకాలంలో స్ప్రే జోలికే పోను, డెకాల్స్, అంటే నంబర్లు, గుర్తులు అతికించే పని పెట్టుకుంటాను.

చివర్లో మ్యాట్ క్లియర్ (మెరుపులేని, రంగులేని పూత) కొడితే ఎరుపు ఒక మెట్టు పాలిపోతుంది, అందుకే చెంచా మీద కూడా క్లియర్ కొట్టాకే స్టేషన్‌కి తీసుకెళ్లండి. తెలుపు మరీ మల్లెపూవులా ఉంచొద్దు, ఇంజన్ కింది చక్రాల చట్రాల చుట్టూ కాస్త తుప్పు గోధుమరంగు, పైకప్పు మీద మసి రంగు వెయ్యండి. ఏ నంబర్ ఇంజన్ చేస్తున్నారో చెప్పండి, దాని ఫొటో నా దగ్గరుంటే పెడతాను.